మోనో ప్యానెల్ గొప్పదే, కానీ కిలోవాట్ కిలోవాటే

మోనో (ఒకే సిలికాన్ స్ఫటికం నుంచి చేసిన) సోలార్ ప్యానెల్ పెడితే పాలీ (అచ్చులో పోసిన సిలికాన్ గడ్డ నుంచి చేసిన) దాని కంటే పాతిక, ముప్పై శాతం కరెంటు ఎక్కువ వస్తుందని మా ఊళ్లో చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. రాదు. మూడు కిలోవాట్ల మోనో పెట్టినా, మూడు కిలోవాట్ల పాలీ పెట్టినా మీ మీటర్‌లో తిరిగే యూనిట్లు దాదాపు ఒకటే. తేడా అంతా డాబా మీద అది తినే చోటులో ఉంది, ఎండాకాలంలో కొంచెం వేడి తట్టుకోవడంలో ఉంది. ఈ ఒక్క ముక్క తెలియక డబ్బు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టకుండా, అనవసరమైన చోట పెడుతున్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నాది నరసరావుపేటలో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, మిక్సీలు, కూలర్ మోటార్లు నా చేతి మీదుగా పోతుంటాయి. 2024 కార్తీక మాసంలో మా ఇంటి మీద 540 వాట్ల మోనో పెర్క్ (మోనోలో ఒక రకం) ప్యానెళ్లు ఆరు, వాటి కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే మూడు కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టించాం. మొత్తం 3.24 కిలోవాట్లు. వానలు, ఎండలు, పొగమంచు అన్నీ ఒక చుట్టు తిరిగొచ్చాయి కాబట్టి ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. ఏ కంపెనీ అని అడుగుతారు. వారీ, అదానీ, విక్రమ్, మన హైదరాబాద్ ప్రీమియర్, ఇలా పేరున్న వాటిలో ఏది తీసుకున్నా ఇదే వాటేజీలో మీకు వచ్చే తేడా చాలా తక్కువ. పేరు మీద బేరం ఆడే టైము నిర్మాణం మీద, వైరింగ్ మీద పెట్టండి. ఆ సంగతి కిందకి వస్తాను.

ముందు ఈ ముప్పై శాతం పుకారు ఎక్కడ పుట్టిందో చూద్దాం. నాకు కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు "బాబాయ్, మోనో ఎఫిషియెన్సీ 21, పాలీది 17, మీరే లెక్కేసుకోండి" అన్నాడు. అంకెలు నిజమే. ఎఫిషియెన్సీ అంటే ఒక చదరపు మీటరు అద్దం మీద పడిన ఎండలో ఎంత కరెంటుగా మారుతుంది అన్న లెక్క. నా ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు. ఆరూ కలిపి 167 చదరపు అడుగులు. మా బావమరిది 2018లో వినుకొండలో 335 వాట్ల పాలీ ప్యానెళ్లు పది పెట్టించాడు. ఆయనవి 3.35 కిలోవాట్లు, 210 చదరపు అడుగులు పట్టాయి. ఎఫిషియెన్సీ తేడా అక్కడే, ఆ చోటులోనే కలిసిపోయింది. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద వాట్లు రాసేటప్పుడే ఆ సంగతి లెక్కలోకి వచ్చేసింది కదా! మళ్లీ దాన్నే రెండోసారి కలిపి అమ్ముతున్నారు.

నిరుడు మే నెలలో మా ఇంట్లో 395 యూనిట్లు వచ్చాయి. ఆ నెల ఆఖరి వారంలో వానలు ముందే దిగాయి, లేకపోతే ఇంకో పది, ఇరవై వచ్చేవి. వినుకొండలో బావమరిదికి 378. కిలోవాట్ లెక్కన చూస్తే నాకు 122, ఆయనకి 113. ఏడు శాతం తేడా. అందులో సగానికి పైగా ప్యానెళ్ల వయసుదే. పాలీ ప్యానెల్ మొదటి ఏడాది రెండున్నర శాతం, తర్వాత ఏడాదికి 0.7 శాతం వరకూ తగ్గొచ్చని కంపెనీ కాగితంలోనే ఉంటుంది. మిగిలింది వేడి వల్ల. "నాది పాతదైపోయింది బావా, మార్చేద్దామా" అని ఫోన్ చేస్తే, కడిగించి ఊరుకోమన్నాను. పనిచేస్తున్న పాలీని పీకి మోనో పెట్టడం లాంటి దండగ పని ఇంకోటి లేదు.

కొత్తగా పెట్టేవాళ్లకి అసలు ఈ ప్రశ్నే పెద్దగా లేదు. పాలీ దాదాపు మార్కెట్లోంచి వెళ్లిపోయింది. ఒకప్పుడు మోనో ఖరీదు ఎందుకంటే, కరిగించిన సిలికాన్‌లో చిన్న స్ఫటికాన్ని ముంచి, మెల్లగా తిప్పుతూ పైకి లాగితే గుండ్రటి దుంగలా ఒకే స్ఫటికం తయారవుతుంది. యాన్ చొక్రాల్‌స్కీ అనే పోలండ్ శాస్త్రవేత్త 1916లో కనిపెట్టిన పద్ధతి అది. ఆ దుంగని పలచటి బిళ్లలుగా కోస్తారు. గుండ్రంగా ఉన్నదాన్ని చదరంగా కోయాలి కాబట్టి మూలలు కాస్త తెగి ఉంటాయి. నల్లటి ప్యానెల్ మీద దగ్గరగా చూస్తే ఆ తెగిన మూలలు కనిపిస్తాయి. పాలీ అయితే అచ్చులో పోసి గడ్డ కట్టించడమే, చౌక. ఇప్పుడు కోత యంత్రాలు మెరుగుపడి మోనో కూడా ఆ ధరకి దిగొచ్చింది. టాప్‌కాన్ అని ఇప్పుడు అమ్ముతున్నది కూడా మోనోలో ఒక రకమే. కాబట్టి "మీది మోనోయేనా" అని అడగడం మానేసి "పెర్కా, టాప్‌కానా, వేడి గుణకం ఎంత" అని అడగండి. ఆ మాటకి తడబడకుండా జవాబు చెప్పేవాడి కొటేషన్ మాత్రమే ఇంటికి తెచ్చుకోండి.

ఆ వేడి గుణకమే, అంటే ప్యానెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కితే ఎంత శాతం కరెంటు తగ్గుతుందనేదే, మన ప్రాంతానికి అసలు సంగతి.

ప్యానెల్ మీద 540 వాట్లు అని రాసేది లోపలి సిలికాన్ బిళ్ల (సెల్) వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు, చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ పడినప్పుడు ల్యాబులో కొలిచిన అంకె. పల్నాడులో పట్టపగలు 25 డిగ్రీల సెల్లు ఎక్కడ దొరుకుతుంది? షాపులో బేరింగుల వేడి చూసే లేజర్ థర్మామీటర్ ఒకటి ఉంది నా దగ్గర. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి ప్యానెల్ అడుగున చూస్తే 66 చూపించింది. 25 తీసేస్తే 41 డిగ్రీలు ఎక్కువ. నా ప్యానెల్ కాగితంలో డిగ్రీకి 0.35 శాతం తగ్గుతుందని ఉంది. అంటే 14 శాతం పైన అక్కడే ఎగిరిపోయింది. 540 కాస్తా 462 అయింది. పైగా ఆకాశంలో దుమ్ము వల్ల ఎండ కూడా పూర్తిగా 1000 పడదు, వైర్లలో ఇన్వర్టర్‌లో ఇంకొంచెం పోతుంది. చివరికి 3,240 వాట్ల ప్యానెళ్ల నుంచి రోహిణి కార్తె ఎండలో నాకు కనిపించేది 2,400 అటూ ఇటూ. పక్కింటాయన ఇది చూసి "ఇంత ఎండలో ఇదేనా, మోసపోయారు" అన్నాడు. మోసం ఏమీ లేదు. ఎండ వేరు, వేడి వేరు. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి దానికి పడదు.

మా ఇంట్లో బాగా వచ్చేది శివరాత్రి నుంచి ఉగాది దాకా. ఎండ తేటగా ఉంటుంది, గాలి ఉంటుంది, ఇంకా వడగాడ్పులు మొదలుకావు. నిరుడు మార్చిలో 440 యూనిట్లు వచ్చాయి. ఆగస్టులో 310. మబ్బు పట్టిన రోజున మూడు, నాలుగు యూనిట్లతో సరిపెట్టుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. వాన వెలిసి మబ్బుల మధ్య నుంచి ఎండ ఒక్కసారి పడ్డప్పుడు మాత్రం ఇన్వర్టర్ 3,000 ముట్టుకుని, అంతకు మించి పోలేక అక్కడే ఆగిపోతుంది. చల్లబడ్డ ప్యానెల్ మీద ఎండ పడితే అంత హుషారు. ఏడాది మొత్తం 4,500 యూనిట్ల దగ్గర తేలింది. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు అని అందరూ చెప్పే లెక్కకి కొంచెం తక్కువ. ఆ తక్కువకి కారణం మా నీళ్ల ట్యాంకు నీడ, రోడ్డు దుమ్ము.

టాప్‌కాన్‌లో ఈ వేడి గుణకం 0.30 దగ్గర ఉంటుంది. అంటే అదే 41 డిగ్రీలకి 12 శాతం పోతుంది, నాకు 14 పోతోంది. ఎండాకాలంలో రెండు శాతం మిగులు. వాటుకి రూపాయో రెండో ఎక్కువైతే ఇప్పుడు పెట్టేవాళ్లు అదే తీసుకోవచ్చు. అంతకంటే ఎక్కువ అడిగితే అక్కర్లేదు. నాలాగా పెర్క్ పెట్టినవాళ్లు దాని గురించి నిద్ర మానుకోవలసిన పని లేదు.

డబ్బు సంగతి. నాకు వచ్చిన కొటేషన్లలో చౌకది 1,75,000, ఖరీదైనది 2,30,000. చివరికి నేను పెట్టింది 2,12,000, జీఎస్టీతో సహా. కేంద్రం సోలార్ సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 వెనక్కి వచ్చింది. చేతి నుంచి పోయింది 1,34,000. ఈ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000, మూడోదానికి 18,000. అక్కడితో ఆగిపోతుంది. ఐదు కిలోవాట్లు పెట్టినా అదే 78,000. ఈ సబ్సిడీ కావాలంటే డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలి, అంటే లోపలి సెల్లు కూడా ఇండియాలో తయారైనది అయి ఉండాలి. ఆ ప్యానెళ్లు మామూలు వాటికంటే వాటుకి చాలా రూపాయలు ఎక్కువ. "సబ్సిడీ వద్దనుకుంటే ప్యానెళ్లు చౌకగా ఇస్తా" అని ఒకాయన అన్నాడు. లెక్క వేస్తే ప్యానెళ్లలో మిగిలేది పాతిక, ముప్పై వేలు, వదులుకునేది 78,000. నవ్వి పంపించాను.

జీఎస్టీ విషయంలో మాత్రం ఇప్పుడు పెట్టేవాళ్లు అదృష్టవంతులు. నేను పెట్టినప్పుడు సామాను మీద 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5కి తగ్గింది. సోలార్ కాంట్రాక్టులో విలువ 70 శాతం సామానుగా, 30 శాతం పనిగా లెక్కేస్తారు, పని మీద 18 శాతం. మొత్తం మీద 13.8 శాతం కాస్తా 8.9 శాతం అయింది. పాత కొటేషన్ రేటే ఇంకా చూపిస్తుంటే ఈ అంకెలు చెప్పి అడగండి.

నా 2,12,000లో ప్యానెళ్ల వాటా నలభై శాతం పైచిలుకు. మిగిలింది ఇన్వర్టర్, ఇనుప స్టాండు, కేబుళ్లు, డీబీ పెట్టెలు, ఎర్తింగ్, కూలీ, వాళ్ల లాభం. కంపెనీ మార్చి వాటుకి రూపాయి తగ్గించినా మూడు వేల పైన తగ్గదు. అందుకే పేరు మీద బేరం దండగ అన్నాను.

ఇక ఎన్నేళ్లకి డబ్బు తిరిగొస్తుంది అన్న లెక్క. దీన్ని అందరూ తప్పుగా వేస్తున్నారు. యూనిట్‌కి సగటున ఇంత అని గుణించేస్తున్నారు. ఆంధ్రాలో ఇళ్లకి శ్లాబులు ఉన్నాయి. మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ యూనిట్ వచ్చినప్పుడు బిల్లులో ముందు పోయేది పై శ్లాబు. మీరు నెలకి 420 యూనిట్లు వాడితే కరెంటు ఛార్జీ ఒక్కటే 2,743 రూపాయలు. అందులో 375 సోలార్ ఇస్తే మిగిలేది 45 యూనిట్లు, 102 రూపాయలు. 2,641 మిగిలినట్టు. అదే 200 యూనిట్లు వాడే ఇంట్లో మొత్తం బిల్లే 867. సున్నా చేసినా మిగిలేది అంతే. రెండు ఇళ్లవాళ్లూ ఒకే మూడు కిలోవాట్లు పెడితే ఒకరికి నాలుగేళ్ల పైచిలుకు, ఇంకొకరికి పదేళ్లు దాటి పదమూడో పద్నాలుగో. ప్యానెల్ మాత్రం అదే!

మా ఇంట్లో రెండు ఏసీలు. మే నెలలో 560 యూనిట్లు కాలాయి. సోలార్ లేకపోతే కరెంటు ఛార్జీ 4,108 అయ్యేది. 395 పోగా 165 యూనిట్లకి 657 కట్టాం. చలికాలంలో నెలకి 250 కాలితే మిగిలేది పన్నెండు వందలే. ఏడాది మొత్తం చూస్తే పాతిక, ఇరవై ఆరు వేలు మిగులుతున్నాయి. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ లాంటివి ఎలాగూ ఉంటాయి, "జీరో బిల్లు" అన్న మాట నమ్మకండి. లెక్క ప్రకారం ఐదేళ్ల పైచిలుకులో పెట్టుబడి తిరిగొస్తుంది. కానీ ఆ 1,34,000 బ్యాంకులో వేసుకుంటే వడ్డీ వచ్చేది కదా, అది కూడా కలుపుకుంటే ఏడేళ్లు. నాకు ఏడు కూడా నచ్చింది. అమ్మేవాళ్లు చెప్పే మూడేళ్లు మాత్రం ఏ లెక్కలోనూ తేలలేదు.

వాడకం 200 లోపు ఉంటే ఒక కిలోవాట్ పెట్టుకోండి, లేదా అసలు పెట్టకండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితంగా వస్తున్న ఇళ్లకి అయితే ఇప్పట్లో దీని అవసరమే కనిపించదు. ఖమ్మంలో మా మేనమామకి అదే చెప్పాను. అక్కర్లేనివాళ్లకి అంటగట్టడం పాపం.

ఇప్పుడు నాకు కోపం వచ్చిన భాగం. బిగించిన వాళ్ల పేరు రాయను. ప్యానెల్ 28 కిలోలు. ఇద్దరు కుర్రాళ్లు మెట్ల మీద దాన్ని నెత్తిన పెట్టుకుని మోశారు, తల తగిలిన చోటికి అటూ ఇటూ అద్దం కిందికి వంగడం నాకు కనిపిస్తూనే ఉంది. తర్వాత స్టాండు మీద బోల్టులు బిగించడానికి ఏకంగా ప్యానెల్ మీదే నిలబడ్డారు. దిగమంటే వాళ్ల మేస్త్రీ "ఏం కాదు బాబాయ్, టఫెన్డ్ గ్లాసు, లారీ ఎక్కినా పగలదు" అన్నాడు. అద్దం పగలదు, నిజమే. దాని కింద ఉన్న సిలికాన్ బిళ్ల వెంట్రుకల్లా చీలిపోతుంది. కంటికి కనిపించదు. రెండు, మూడేళ్ల తర్వాత ఆ చీలిక దగ్గర వేడెక్కి వాట్లు తగ్గుతాయి. అప్పుడు వాళ్లూ ఉండరు, ఫోనూ ఎత్తరు. పాతికేళ్ల వారంటీ అని చెప్పేది కూడా ఇలాంటి వాటికి వర్తించదు. ఆ వారంటీ చదివాను. మొదటి ఏడాది 2 శాతం, తర్వాత ఏడాదికి 0.55 శాతం తగ్గొచ్చు, 25 ఏళ్లకి 84.8 శాతం మిగలాలి అని ఉంది. తగ్గిందని నిరూపించాలంటే ల్యాబులో ఫ్లాష్ టెస్టు చేయించాలి. మన డాబా మీద క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి చూపిస్తే ఒప్పుకోరు. కాబట్టి వారంటీ కంటే బిగించే రోజు దగ్గర ఉండి చూసుకోవడమే నయం. మిగతా ప్యానెళ్లు బిగించేటప్పుడు నేను స్టాండుకి అడ్డంగా పలక వేయించి, దాని మీద నిలబడమన్నాను.

ఎర్తింగ్ దగ్గర కూడా అదే గొడవ. ఏసీ వైపు (ఇంటి కరెంటు) ఒకటి, డీసీ వైపు (ప్యానెళ్ల కరెంటు) ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, మూడు గుంటలు వేరువేరుగా ఉండాలి. మా ఇంట్లో ఒకే గుంటలో మూడు తీగలూ కలపబోయారు. పిడుగు పడితే ఆ కరెంటు నేరుగా ఇన్వర్టర్‌లోకి వస్తుంది. నేను ఆ పనిలోనే ఉన్నవాణ్ని కాబట్టి ఆపాను, తెలియని ఇంట్లో ఎవరు ఆపుతారు? ప్యానెళ్లని కలిపే ఎంసీ ఫోర్ పిన్నులు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. వేరేవి కలిపితే బిగుతు కుదరక వేడెక్కుతాయి. ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే లోడు లేనప్పుడు దాదాపు 300 వోల్టుల డీసీ. ఏసీలో మంట లేచినా సెకనుకి వంద సార్లు కరెంటు సున్నాకి వస్తుంది, ఆరిపోయే అవకాశం ఉంది. డీసీలో అలా ఉండదు, ఒకసారి మంట అంటుకుంటే వెల్డింగ్‌లా కాలుతూనే ఉంటుంది. ఇంకో చిన్న మాట, మామూలు క్లాంప్ మీటరు డీసీ చూపించదు. సున్నా చూపిస్తే కరెంటు లేదనుకుని చేయి పెట్టకండి.

స్టాండు ఎత్తుగా, ఎనిమిది అడుగులు కట్టించాం. పదిహేను డిగ్రీల వాలు, దక్షిణం వైపు. చౌక కొటేషన్ కంటే ఎక్కువైనదాంట్లో చాలావరకు దీనికే పోయింది. మా ఆవిడకి డాబా కావాలి. వడియాలు, మిరపకాయలు, ఆవకాయ ముక్కలు అన్నీ అక్కడే. ప్యానెళ్ల నీడ పడితే వడియాలు ఎండవని పేచీ పెట్టింది. ఇప్పుడు కింద నడవొచ్చు, పక్కన ఎండబెట్టుకోవచ్చు, వేసవి రాత్రి ఆ పందిరి కింద మంచం వేసుకోవచ్చు. ప్యానెళ్ల కింది గది కూడా మునుపటి కంటే చల్లగా ఉంది. ఎత్తు పెడితే గాలి ఆడి ప్యానెల్ కూడా కాస్త చల్లబడుతుంది. కానీ గాలివానకి ఎత్తు స్టాండు మీద లాగుడు ఎక్కువ. పలచటి పైపులకి ఒప్పుకోకండి. బోల్టులు శ్లాబులోకి దింపితే అక్కడ నీరు కారుతుంది, కాంక్రీట్ దిమ్మెలు కట్టి వాటిలో బిగించమనండి.

నీడ గురించి ఒక ప్రయోగం చేశాను. ఎండలో ఒక ప్యానెల్ మీద ఒకే ఒక్క గడి మూసేలా గోనె పట్టా ముక్క వేస్తే ఆ ప్యానెల్‌లో మూడో వంతు పోయింది. కింది వరస మొత్తం మూస్తే ఆ ప్యానెల్ ఉన్నా లేనట్టే అయింది. లోపల మూడు డయోడ్లు ఉండి, నీడ పడ్డ భాగాన్ని పక్కకి తప్పిస్తాయి, అందుకే మిగతా ఐదు బతికాయి. కాబట్టి "కొంచెం నీడే కదా" అనుకోకండి. ట్యాంకు నీడ, డిష్ నీడ, మెట్ల గది నీడ చలికాలంలో ఎంత దూరం పడతాయో సంక్రాంతి రోజుల్లో సాయంత్రం చూసుకుని చోటు నిర్ణయించండి. వేసవిలో చూస్తే పొరపాటు పడతారు, అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. పక్క ఖాళీ స్థలంలో రేపు మూడంతస్తులు లేస్తే చేసేది ఏమీ లేదు, అది తలరాత.

కడగడం పెద్ద పని కాదు, కానీ మా ఊరి బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి చారలు పడతాయి, దుమ్ము కంటే అవే మొండివి. మున్సిపాలిటీ నీళ్లతో, తెల్లవారుజామున, మెత్తటి వైపర్‌తో తుడుస్తాను. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోయకండి. కోతులు వచ్చి ప్యానెళ్ల మీద జారుడు బండ ఆడాయి, ఏమీ కాలేదు. పావురాలు కింద గూళ్లు పెడితే మాత్రం వల కట్టించాలి.

ఎక్కువ మంది తెలియక తిట్టుకునేది ఇంకోటి ఉంది. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండుతుండగా కూడా. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతట అదే ఆగుతుంది. ఆగకపోతే ప్రమాదం. కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, దాని ఖర్చు వేరే, సబ్సిడీ బ్యాటరీకి రాదు. నేను పాత ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ అలాగే ఉంచేశాను. కోతలు తక్కువ ఉన్న ఊళ్లో అది చాలు.

మా వీధిలో ఒకరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఇల్లు. మధ్యాహ్నం వోల్టేజీ ఎక్కువై ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంటే ప్యానెళ్లు బాగాలేవని గొడవ పెట్టుకున్నారు. వెళ్లి చూస్తే మీటరు దగ్గర వోల్టేజీ 260 పైన ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ సర్దే ట్యాపింగ్ మార్పించాక సర్దుకుంది. ప్యానెల్ పాపం ఎప్పుడూ చివరి ముద్దాయి, ముందు వోల్టేజీ, తర్వాత పిన్నులు, తర్వాత నీడ చూడాలి.

ఇంత చెప్పి, షాపు మీద ఎందుకు పెట్టలేదని అడుగుతున్నారు. షాపుది కమర్షియల్ కనెక్షన్, సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే. యూనిట్ రేటు ఇంటికంటే ఎక్కువ కాబట్టి సబ్సిడీ లేకపోయినా గిట్టుబాటు అయ్యేదే. కాకపోతే షాపు రేకుల మీద దక్షిణం వైపు నుంచి పెద్ద వేప చెట్టు కొమ్మలు వాలి ఉన్నాయి, పొద్దున పది నుంచి మూడింటి దాకా నీడే. ఆ చెట్టు కింద బల్ల వేసుకుని నేనూ, మోటార్లు తెచ్చే రైతులూ కూర్చుంటాం. అది కొట్టించి ప్యానెళ్లు పెట్టించే ఉద్దేశం నాకు లేదు.